తప్పుడు ట్రాఫిక్ చలానాపై కోర్టులో ఎలా నిలబడాలి

మీరు రాసిన దాన్నిబట్టి మీ పేరు మీద మూడు చలానాలు ఉన్నాయి. గాజువాకలో మీ స్కూటరు మీద ముగ్గురు వెళ్లారని ఒకటి వేశారు. ఆ రోజు ఆ వేళకు మీరూ మీ స్కూటరూ మధురవాడలోని మీ ఆఫీసులోనే ఉన్నారు. హనుమంతవాక దాటాక కారు అతివేగంగా నడిపారని యంత్రం నుంచి వచ్చినది మరొకటి. అక్కడ వేగపరిమితి బోర్డు ఎక్కడా కనబడలేదని మీరంటున్నారు. మద్దిలపాలెం జంక్షన్‌లో ఎర్రదీపం ఉండగా గీత దాటారని మూడోది. వెనక అంబులెన్సు సైరన్ మోగుతుంటే దారి ఇవ్వడానికి ముందుకు జరిగానని చెబుతున్నారు. డబ్బు కట్టేసి ఊరుకోమని ఇంట్లోనూ స్నేహితులూ అంటున్నారనీ, చేయని తప్పు ఒప్పుకోవడానికి మనసు రావడం లేదనీ రాశారు. విశాఖ కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న నా అభిప్రాయం ఏమిటంటే, మొదటి చలానాపై మీరు తప్పకుండా పోరాడాలి, రెండోదానిపై కాగితాలు తెప్పించుకుని చూశాక నిర్ణయించుకోవాలి, మూడోదానిలో న్యాయం మీవైపే ఉన్నా దాన్ని చూపించే సాక్ష్యం ఇప్పుడే సంపాదించుకోవాలి.

అన్నిటికంటే ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. పోరాడాలనుకున్న చలానాకు రాజీగా జరిమానా కట్టకండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 200వ సెక్షన్ ప్రకారం చలానా కట్టడమంటే నేరాన్ని రాజీ చేసుకోవడం. అక్కడితో కేసు మూసేస్తారు, కోర్టుకు పంపరు, తరువాత మీరు ఎంత మొత్తుకున్నా వినడానికి ఎవరి ముందూ కేసు ఉండదు. 'ముందు కట్టి తరువాత అడుగుదాం' అనుకుని నా దగ్గరకు వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లలో ఒక్కరికీ నేను ఏమీ చేయలేకపోయాను. ఇక ఆ చలానా నిజమైనదో కాదో కూడా చూసుకోండి. వాట్సాప్‌లో చలానా పేరుతో ఫైలు పంపి, దాన్ని ఫోన్లో ఎక్కించుకోగానే బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. సందేశంలో వచ్చిన లింకు నొక్కకుండా, ప్రభుత్వ ఈ-చలానా వెబ్‌సైటులో మీ బండి నంబరు మీరే కొట్టి చూసుకోవడమే క్షేమం.

కోర్టు దాకా ఎందుకు అనేవారికి నేను ఒక కుర్రవాడి సంగతి చెబుతుంటాను. ఇళ్లకు భోజనం చేరవేసే పని చేసుకునే ఆ అబ్బాయిపై ఎదురుదారిలో బండి నడిపాడని 184వ సెక్షన్ కింద కేసు పెట్టారు. నిజానికి ఆ రోజు రోడ్డు పని జరుగుతుండగా అక్కడున్న సిబ్బందే వాహనాలను ఆ పక్కకు మళ్లించారు. కోర్టులో పేరు పిలిచాక 'నేరం ఒప్పుకుంటున్నావా' అని అడిగితే, పని పోతుందన్న కంగారులో 'అవునండీ' అన్నాడు. జరిమానా కట్టి పది నిమిషాల్లో బయటపడ్డాడు. ఆ తరువాత లైసెన్సు సస్పెన్షన్ నోటీసు వచ్చినప్పుడు గానీ ఆ ఒక్క మాట ఎంత ఖరీదైనదో అతనికి తెలియలేదు. నేరం ఒప్పుకున్నవారికి శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో తప్ప అప్పీలు చేసుకునే అవకాశం ఉండదు. అప్పటికి నా దగ్గరకు వచ్చాడు, చేయగలిగింది ఏమీ మిగల్లేదు. బండి మీదే బతికేవాడికి లైసెన్సు లేని నెలలంటే జీతం లేని నెలలే. అందుకే మీ చలానాలో జరిమానా ఎంత అన్నది చూసే ముందు ఏ సెక్షన్ రాశారో చూడండి. ముగ్గురు ఎక్కినందుకు 194సి కింద వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా చట్టంలోనే ఉంది.

ఇక గాజువాక చలానా. మీరు పంపిన ఫోటోను నేను తెర మీద పెద్దది చేసి చాలాసేపు చూశాను. చలానాలో మీ ఏపీ 31 నంబరు రాశారు గానీ, ఫోటోలోని ప్లేటు మీద ఉన్నది 31 కాదని నా నమ్మకం. ప్లేటు చుట్టూ బిగించిన నల్లటి చట్రం అంచు రెండో అంకె పైభాగాన్ని కప్పేసింది. అయినా ఎడమవైపు చిన్న మొన బయటికి కనబడుతోంది, అంకె నిలువు గీత కూడా కిందికి వచ్చేకొద్దీ కాస్త ఎడమకు వాలి ఉంది. అదే ప్లేటులో చివరనున్న 1 మాత్రం నిటారుగా ఉంది. అంటే అది 37, పశ్చిమ గోదావరి పాత సిరీస్ బండి. పైగా ఆ స్కూటరు వెనక సీటుకు ఆనుకునే దిండు, మెరిసే లోహపు పట్టీ ఉన్నాయి. మీ బండి ఫోటోలో ఆ రెండూ లేవు. ఇలాంటి చిన్న తేడాలే కేసును నిలబెడతాయి. మీ బండిని నాలుగువైపులా పగటి వెలుగులో ఫోటో తీసి, ఆర్సీలో ఉన్న కంపెనీ, మోడల్, రంగు వివరాల కాపీతో కలిపి ఉంచుకోండి.

ఆ రోజు మీ స్కూటరు మధురవాడలో ఉందని చూపడానికి ఆఫీసు హాజరు రికార్డు ఒక్కటే చాలదు. మీరు ఆఫీసులో ఉన్నా బండి ఇంకెవరైనా తీసుకెళ్లి ఉండవచ్చని ఎదుటివారు అంటారు. పార్కింగ్ సీసీ కెమెరాలో మీ బండి కనబడుతున్న దృశ్యం ఉంటే అదే అసలు బలం. అయితే అలాంటి రికార్డింగులు కొద్ది రోజులకే చెరిగిపోయి వాటి మీద కొత్తవి ఎక్కుతుంటాయి కాబట్టి, ఆ తేదీ దృశ్యాన్ని భద్రపరచమని భవన నిర్వాహకులకు వెంటనే లిఖితంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే, దాన్ని ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలి. పాత సాక్ష్య చట్టంలో ఇదే 65బి. ఆ ధ్రువపత్రం లేకుండా ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో మళ్లీ స్థిరపరచింది. ఈ నియమం పోలీసుల ఫోటోకు ఎంత వర్తిస్తుందో మీ సీసీ కెమెరా దృశ్యానికీ అంతే వర్తిస్తుంది. చాలామంది మొదటిదే గుర్తుంచుకుంటారు.

ఒకవేళ ఎవరైనా కావాలనే మీ నంబరు తమ బండికి తగిలించుకున్నారన్న అనుమానం కలిగితే, చలానా సంగతి అలా ఉంచి, ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, ఎందుకంటే రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. బండి అమ్మేసి ఆర్సీ పేరు మార్పించనివారికీ ఇదే ప్రమాదం ఉంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో రవాణా అధికారులకు తెలపవలసిన బాధ్యత అమ్మినవారిదే.

హనుమంతవాక చలానాలో విషయం ఎక్కువ ఉంది, కాస్త ఓపికగా చదవండి. 112వ సెక్షన్ కింద ప్రభుత్వం ఒక రోడ్డుకు ప్రత్యేకంగా వేగపరిమితి పెట్టాలంటే గెజిట్ నోటిఫికేషన్ ఇవ్వాలి, తగిన చోట్ల బోర్డులు కూడా పెట్టించాలి. కాబట్టి అక్కడ బోర్డు లేదన్న మీ మాట చిన్నది కాదు, కాకపోతే దాన్ని మీరు చూపించగలగాలి. మీరు వచ్చిన దిశలోనే, కారులో పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని, కనీసం రెండు కిలోమీటర్ల ముందు నుంచి ఆపకుండా వీడియో తీయించండి. చెట్టుకొమ్మ చాటున గానీ ఫ్లెక్సీ వెనక గానీ బోర్డు ఉంటే అది కూడా కనబడేలా తీయించండి. బోర్డు ఉండి మీరు చూడకపోయి ఉంటే, ఆ సంగతి కోర్టులో బయటపడటం కన్నా ఇప్పుడే తెలుసుకుని జరిమానా కట్టేయడం మేలు.

యంత్రాలతో వేసే చలానాల గురించి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2021 ఆగస్టులో 167ఎ అనే నియమం చేర్చారు. ఆ పరికరానికి ప్రభుత్వం నుంచి ఆమోదపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా ఉన్న సంగతి తెలిపే హెచ్చరిక బోర్డు కనబడే చోట ఉండాలి. నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. చలానాతో పాటు నేరమూ నంబరు ప్లేటూ స్పష్టంగా కనబడే ఫోటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్, ఇందాక చెప్పిన ఎలక్ట్రానిక్ సాక్ష్య ధ్రువపత్రం ఉండాలి. మీకు వచ్చిన కాగితంలో వేగం అంకె ఉంది గానీ ధ్రువపత్రం లేదు, నోటీసు ఏ తేదీన పంపారో మీరు రాయలేదు. ఫోన్‌కు వచ్చిన మొదటి సందేశం చెరిపేయకుండా తెరచిత్రం తీసి పెట్టుకోండి. వేగాన్ని కొలిచే రాడార్ పరికరాలకు తూనికలు, కొలతల నిబంధనల కింద తనిఖీ, ముద్ర కూడా ఉండాలని 2025 జూలై 1 నుంచి నియమం వచ్చింది కాబట్టి ఆ పత్రాన్ని కూడా అడగవచ్చు.

వీటన్నిటికీ సమాచార హక్కు చట్టం 2005 కింద నగర పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో ఒకే దరఖాస్తు పెట్టండి. 'నా చలానా ఎందుకు వేశారు' అని అడగవద్దు, దానికి పనికొచ్చే జవాబు రాదు. ఆ చోటుకు వర్తించే వేగపరిమితి నోటిఫికేషన్ కాపీ, ఆ పరికరం క్రమసంఖ్య, ఆ తేదీకి అమలులో ఉన్న ఆమోదపత్రం, తనిఖీ పత్రం అని పత్రాల పేర్లతో అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. పత్రం లేదని జవాబు వచ్చినా అది మీకు పనికొచ్చే కాగితమే.

చట్టంలోనే డ్రైవరుకు అనుకూలంగా ఉన్నా చాలామంది వకీళ్లు సైతం వాడుకోని సెక్షన్లు రెండున్నాయి. ఎవరో ఒక సాక్షి 'నా అంచనాలో బండి వేగంగా వచ్చింది' అన్నంత మాత్రాన అతివేగం నేరం రుజువు కాదని, ఆ అంచనాకు యంత్రం కొలత ఆధారంగా ఉండాలని 183(3) చెబుతుంది. ఇక 209వ సెక్షన్ ప్రకారం 183 (అతివేగం), 184 (ప్రమాదకరంగా నడపడం) సెక్షన్ల కేసుల్లో శిక్ష పడాలంటే నేరం జరిగినప్పుడే మీపై కేసు పెట్టే ఆలోచన ఉందని హెచ్చరించి ఉండాలి, లేదా 14 రోజుల్లో నోటీసు పంపి ఉండాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అంది ఉండాలి. మీ పేరు, చిరునామా తగినంత ప్రయత్నించినా దొరకలేదని గానీ, ఆలస్యం మీ వల్లే జరిగిందని గానీ కోర్టు నమ్మితే ఈ రక్షణ ఉండదు. అందుకని ఆర్సీలో చిరునామా, ఫోన్ నంబరు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

మద్దిలపాలెం చలానాలో ఫోటో నిజమే, మీ కారు గీత దాటిన మాటా నిజమే. ఫోటో చూపించనిది వెనకనున్న అంబులెన్సును. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే 194ఇ కింద పదివేల రూపాయల జరిమానా ఉందన్న సంగతి, ఇంకొక పెద్ద హానిని తప్పించడానికి దురుద్దేశం లేకుండా చేసిన పని నేరం కాదని, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెప్పడం మీ వాదనకు పునాది. కానీ అంబులెన్సు ఉందన్నది మీ నోటిమాటగా మిగిలిపోకూడదు. ఆ జంక్షన్ కెమెరాలో మీరు గీత దాటడానికి ముందు ఒక నిమిషం, తరువాత ఒక నిమిషం వీడియో కావాలని ట్రాఫిక్ ఏసీపీ (సహాయ పోలీసు కమిషనర్) గారికి లిఖితంగా ఇవ్వండి. చలానా వ్యవహారం తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలని 167ఎ చెబుతుంది. కారులో డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ కార్డు తీసి పక్కన పెట్టేయండి. ఫోటోను కానిస్టేబుల్ తన సెల్‌ఫోన్‌తో తీసి ఉంటే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. ఆ నియమంలోని పరికరాల జాబితాలో స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, ఒంటికి ధరించే కెమెరా వంటివి ఉన్నాయి గానీ సెల్‌ఫోన్ పేరు లేదు. రాష్ట్ర ప్రభుత్వం విడిగా అనుమతించిందా అన్నది అప్పుడు పోలీసు వారే చూపించుకోవాలి. నా మటుకు నేను ఈ వాదనను రెండో స్థానంలోనే పెడతాను. అంబులెన్సు వీడియో ఉంటే దీని అవసరమే రాదు.

కోర్టుకు వెళ్లే దారి ఇది. ముందుగా మూడింటికీ వేర్వేరుగా ట్రాఫిక్ ఏసీపీ గారికి అర్జీలు రాసి, ఆధారాల కాపీలు జతచేసి, ఆఫీసు ముద్రతో రసీదు తీసుకోండి. ఈ-చలానా వెబ్‌సైటులోని ఫిర్యాదుల విభాగంలో కూడా నమోదు చేయండి. చలానా మీద స్పందించడానికి గడువు రాసి ఉంటే అది దాటనివ్వకండి, నియమాలను తరచుగా సవరిస్తున్నారు కాబట్టి కోర్టుకు వెళ్లే పద్ధతి మారిందేమో కూడా చూసుకోండి. గాజువాక చలానా వంటివి చాలావరకు ఈ దశలోనే రద్దవుతాయి. రద్దు చేయకపోతే 'నేను ఈ నేరాన్ని ఒప్పుకోవడం లేదు, రాజీకి అంగీకరించడం లేదు, కేసును కోర్టుకు పంపవలసినది' అని ఒక వాక్యం రాసి ఇవ్వండి. కాలపరిమితి కూడా గమనించండి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక, ఏడాది వరకు జైలు పడే 184 వంటి నేరాన్ని ఏడాది దాటాక కోర్టు విచారణకు స్వీకరించకూడదని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ చెబుతుంది. న్యాయం కోసం ఆ గడువు పొడిగించే అధికారం కోర్టుకు ఉంది గానీ, అడగనిదే ఎవరూ మీ తరఫున ఆ లెక్క వేయరు.

సమన్లు అందాక వాయిదా రోజున ఉదయం పదిన్నరకల్లా కోర్టు హాల్లో ఉండండి. ఇలాంటి చిన్న నేరాల (పెట్టీ) కేసులు ఒకదాని వెంట ఒకటి పిలుస్తారు, ముందున్నవారందరూ ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లిపోతుంటారు. మీ వంతు వచ్చేసరికి అదే మాట నోటికి రావడం సహజం. మేజిస్ట్రేటు గారు నేరం వివరం చదివి ఒప్పుకుంటున్నారా అని అడిగినప్పుడు, 'లేదండీ, విచారణ కోరుతున్నాను' అన్న రెండు ముక్కలు స్పష్టంగా చెప్పండి. అక్కడ కథంతా చెప్పనక్కర్లేదు. బెంచి క్లర్కు దగ్గర కేసు నంబరు, వాయిదా తేదీ రాసుకోండి, కేసు కాగితాల కాపీలకు దరఖాస్తు పెట్టండి. తరువాతి వాయిదాల్లో చలానా వేసిన అధికారి సాక్ష్యం చెబుతారు. ఆయన్ను క్రాస్ చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, కోపం పనికిరాదు. మీరు ఎక్కడ నిలబడ్డారు, ఫోటోలో బండి రంగేమిటి, ఆర్సీలో రంగేమిటి, ఈ ధ్రువపత్రం ఎవరు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు అని చిన్న చిన్న ప్రశ్నలు వేసి, ప్రతి జవాబూ రికార్డులోకి ఎక్కిందా లేదా అన్నది చూసుకోవాలి. రుజువు భారం వారిదే, అనుమానం మిగిలితే దాని లాభం మీకే చెందుతుంది.

ఒక్క వాయిదాతో ఇది తేలదు, మూడు నాలుగు సార్లు తిరగవలసి రావచ్చు. వకీలు ద్వారా గైర్హాజరు పిటిషన్ వేసుకుంటే ప్రతిసారీ సెలవు పెట్టనవసరం లేదు. వకీలు ఫీజు జరిమానా కన్నా ఎక్కువ అవుతుందన్నది నిజం, దాన్ని మీ దగ్గర దాచను. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, ఇంకా చట్టం చెప్పిన మరికొన్ని వర్గాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంస్థ నిర్వహించే లోక్ అదాలత్‌లో చలానా తేల్చుకోమని మీకు సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు. తప్పు చేసినవారు అక్కడ తేలికగా బయటపడవచ్చు. కానీ అక్కడ జరిగేది రాజీ, దాని మీద అప్పీలు ఉండదు, మీరు నిర్దోషి అని ఎవరూ రాసివ్వరు.

తాగి నడిపినవారు, హెల్మెట్ లేకుండా దొరికినవారు ఈ సెక్షన్లన్నీ పట్టుకుని వస్తే నేను కేసు తీసుకోను. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర హెల్మెట్ లేని ఒక బిడ్డ తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్న తల్లిని ఒకసారి చూశాను. మీ విషయం అది కాదు కాబట్టే ఇంత వివరంగా రాశాను.

రేపు ఉదయం ముందుగా ఆఫీసు భవన నిర్వాహకుల దగ్గరకు వెళ్లి పార్కింగ్ వీడియో గురించిన లేఖ ఇవ్వండి. తరువాత మద్దిలపాలెం రికార్డు కోసం ఏసీపీ కార్యాలయానికి వెళ్లండి. ఈ రెండూ ఆలస్యమైతే తిరిగి రానివి. సమాచార హక్కు దరఖాస్తు, హనుమంతవాక వీడియో ఈ వారంలో ఎప్పుడైనా చేసుకోవచ్చు. నోటీసు తేదీ దొరికాక రాయండి, 209వ సెక్షన్ మీకు వర్తిస్తుందో లేదో అప్పుడు లెక్క కట్టి చెబుతాను.